ముగ్గురా, ఒక్కరా

మా నాన్న, బాబాయి ఒక తల్లి పిల్లలే, నమ్మిందీ ఒక దేవుణ్ణే. ఆ దేవుడు ఒక్కడా, ముగ్గురా అన్న దగ్గర మాత్రం పాము, ముంగిస. నాన్న నరసాపురంలో మా పాత చర్చికి సంఘ పెద్ద. నేను డిగ్రీలో ఉండగా బాబాయి వేరే సంఘంలో చేరాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురు లేరనీ, ఉన్నది యేసు ఒక్కడేననీ, ఆ ఒక్క పేరున తీసుకోని బాప్తిస్మం చెల్లదనీ వాళ్ళ నమ్మకం.

అంతటితో ఆగితే వాళ్ళ గొడవ వాళ్ళది. కానీ మంచాన పడ్డ నానమ్మకి మళ్ళీ బాప్తిస్మం ఇప్పించకపోతే పరలోకం లేదని బాబాయి పట్టుబట్టాడు. ఎముకల గూడులా ఉన్న మనిషిని తీసుకెళ్ళి కాలవలో ముంచుతారా అని నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. కరెంటు పోయింది. వసారాలో మూడు వైరు కుర్చీలు. అటు నాన్న, ఇటు బాబాయి, మధ్యది ఖాళీ. గుమ్మం పక్కన మంచం మీద నానమ్మ. చూపు పోయినా వేళ్ళతో తడుముకుంటూ లేసు అల్లుతూనే ఉండేది.

“యేసు బాప్తిస్మం తీసుకుని నీళ్ళలో నిలబడున్నాడు. ఆకాశం నుంచి ‘నా కొడుకు’ అన్నదెవర్రా? తన గురించి తనే చెప్పుకున్నాడా?” అన్నాడు నాన్న.

“నేను నీకు తమ్ముణ్ణి, అమ్మకి కొడుకుని, నా పిల్లలకి తండ్రిని. వదిన అన్నం మాత్రం ఒక్కడికే వడ్డించింది,” అన్నాడు బాబాయి.

నాకు నవ్వొచ్చింది. అప్పుడే నానమ్మ సూది ఆపి, “వందనాలండీ,” అంది. ఇంట్లోవాళ్ళని ఆవిడ ఎప్పుడూ ‘అండీ’ అనదు.

“ఎవరికమ్మా?” అన్నాడు నాన్న.

“అదేంట్రా, ఇందాకట్నుంచీ మీ మధ్యన కూర్చున్నారుగా. కాఫీ కూడా ఇవ్వలేదు.”

కుర్చీలో ఎవరూ లేరు. వైర్ల అల్లిక మాత్రం ఎవరో కూర్చున్నట్టు మధ్యలో కిందికి దిగి ఉంది. పాత కుర్చీ కదా, అంతే అనుకున్నాను. అనుకున్నానే గానీ గుమ్మం లోపలికి ఒకడుగు వెనక్కి వేశాను.

ముందు తేరుకున్నది నాన్న. “పరిశుద్ధాత్మే,” అన్నాడు. “కాదు, యేసయ్యే,” అన్నాడు బాబాయి. ఇంకేముంది, మళ్ళీ మొదలు. ఇద్దరూ లేచి నిలబడి, ఆ కుర్చీ మీదుగా చేతులూపుతూ అరుచుకున్నారు. భయపడాల్సిన చోట కూడా వాదించుకునే మగాళ్ళని చూసి నాకు సిగ్గేసింది.

కుర్చీ కిర్రుమంది. ఇద్దరూ చేతులు దించి వెనక్కి జరిగారు.

“వెళ్ళిపోయారు,” అంది నానమ్మ.

“ఎవరమ్మా? ఎవరో చెప్పమ్మా!” బాబాయి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

“ఎవరైతే ఏంట్రా? ఇప్పుడింట్లో లేరు.”

బాబాయి మళ్ళీ బాప్తిస్మం మాట ఎత్తలేదు. నాన్నకి కూడా గెలిచానన్న సంతోషం ఏమీ కనపడలేదు. నానమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ, సాయంత్రం ప్రార్థన కాగానే “వచ్చారా?” అని అడిగేది. బైబిలంతా నోటికొచ్చిన ఆ అన్నదమ్ములిద్దరిలో ఒక్కరు కూడా అవునని అనలేకపోయారు.