బేరింగు చెడకముందు

మొన్న ఆళ్ళగడ్డలో ఒక మెకానిక్ షెడ్డు ముందు నుంచి నడుస్తుంటే మాడిన గేర్ ఆయిల్ వాసన గుప్పుమంది. ఎవరైనా ముక్కు మూసుకునే వాసన. నాకు మాత్రం నూర్జహాన్ మేడం గుర్తొచ్చి, నడిరోడ్డు మీద నవ్వొచ్చింది.

ఆమెది నంద్యాల. ఆళ్ళగడ్డ అవతలి గుట్టల మీద మేం చూసుకునే గాలిమరలకు ఆమే మేనేజరు. నేను అప్పట్లో కొత్తగా చేరిన ఫిట్టర్ని. గాలిమర తలలో ఒక గేర్‌బాక్స్ ఉంటుంది. నెమ్మదిగా తిరిగే రెక్కల వేగాన్ని పెంచి జనరేటర్‌కు అందించేది అదే. దానిలోని బేరింగులు ఏళ్ల తరబడి పనిచేయాలి. మా మరల్లో ఒకదానిలో మాత్రం బేరింగు ఏడాది తిరక్కముందే పగిలింది. కొత్తది నేనే బిగించాను. అదీ పగిలింది. బిగింపులోనే లోపమని పై ఆఫీసు తేల్చేసి, నన్ను తీసేయమని మేడంకు ఫోను చేసింది. ఆ మాట విన్న రోజే నా పనిముట్లు సంచిలో సర్దేసుకున్నాను.

మరుసటి రోజు మేడం వర్క్‌షాపులో పాత దుప్పటి పరిచి, మాడిన ఆయిల్ వాసన కొట్టే పగిలిన ముక్కలను పేర్చి, మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టారు. బేరింగులో దొర్లే ఒక రోలరు తీసి నా చేతిలో పెట్టారు.

“నీ బిగింపు వంకరగా ఉంటే ఒక పక్కే అరగాల. ఇది అట్ల లేదు. దొర్లకుండా జారినట్టు గీతలుండాయి చూడు.” తర్వాత అందరి వైపు తిరిగారు. “ఎవరు చెడగొట్టినారని అడగను. చెడకముందు ఏం జరుగుతాండెనో చెప్పండి, చాలు.”

 ఆ మర దగ్గర డ్యూటీ చేసే ఓబులేసన్న గొంతు సవరించుకున్నాడు.

“ఏం లేదు మేడం. పైన చిన్న సద్దు వచ్చినా నేను ఎర్ర బటను నొక్కుతాంటి. ఏమన్నా అయితే నీదే బాధ్యత అని పై ఆఫీసోళ్ళు అన్నారు గదా.”

ఎర్ర బటను నొక్కితే మర ఉన్నపళంగా ఆగుతుంది. మేడం ఆయన్ని ఒక్క మాటా అనలేదు. “రా అన్నా, బండెక్కు” అన్నారు.

అందరం జీపులో గుట్టకు బయలుదేరాం. ముందు సీట్లో ఓబులేసన్న బొరుగులతో చేసిన ఉగ్గాని పొట్లం విప్పాడు. వెనక బండ్లేవీ లేవని అద్దంలో చూసుకుని మేడం గట్టిగా బ్రేకు తొక్కారు. ఉగ్గాని అంతా ఆయన ఒళ్ళో పడింది. దులుపుకునేలోగా మళ్ళీ తొక్కారు.

“ఇంగ చాలు మేడం. నడుము పట్టింది.”

“కూచున్న నీకే ఇట్లుంటే, అంత పెద్ద రెక్కల ఊపు మోసే బేరింగుకు ఎట్లుంటాది? గబుక్కున ఆపితే దెబ్బ ఎనక్కి తగుల్తాది. రోలర్లు జారి చీలికలు పడతాయి. ప్రాణం మీదికొస్తేనే ఎర్ర బటను. మిగతాదానికి మెల్లగా ఆపు.”

మీసానికి అంటిన బొరుగు తీసి నోట్లో వేసుకుంటూ ఓబులేసన్న నవ్వాడు. దాంతో వెనక మేం అప్పటిదాకా ఆపుకున్న నవ్వంతా బయటపడింది. మేడం జీపు పక్కకు ఆపి పై ఆఫీసుకు ఫోను చేశారు.

“పిల్లోడు బాగానే బిగించినాడు. మూడోదీ వానితోనే బిగిస్తాండా. అది పగిలితే నన్ను తీసేయండి.”

మూడోది బిగించేటప్పుడు ప్రతి బోల్టునూ రెండుసార్లు చూసుకున్నాను. ఆషాఢం గాలులు వచ్చాయి, పోయాయి. ఏడాది దాటినా బేరింగు చెక్కుచెదరలేదు. మేడం మమ్మల్నందరినీ ఇంటికి పిలిచి బిర్యానీ పెట్టారు. ఉగ్గాని కథ ఆ పూట ఓబులేసన్నే చెప్పాడు, మాకంటే బాగా.

పోయినేడు మా అబ్బాయి లెక్కల్లో తప్పాడు. ఎందుకు తప్పావని కేకలేయబోయి ఆగాను. పక్కన కూర్చుని, “పరీక్షకు ముందు క్లాసులో ఏం జరుగుతాండెరా?” అని అడిగాను. 

“బోర్డు మీదివి కనపడవు నాయనా. పక్కోన్ని చూసి రాసుకుంటాంటి.”

నంద్యాల తీసుకుపోయి కళ్ళజోడు పెట్టించాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆళ్ళగడ్డ దాకా కనిపించిన ప్రతి బోర్డునూ వాడు బిగ్గరగా చదువుతూనే ఉన్నాడు. బస్సులో ఒక్కరూ వాణ్ణి ఆపమనలేదు.