ఉప్పు లేని పొద్దుతిరుగుడు గింజలు

ఒటీలీ వెంట్జ్ మొట్టమొదటి విజయం లిండెన్‌హైమ్ రైలు స్టేషను. రైలు రావడం మానేశాక ఆ స్టేషన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. మంటలార్పే దళంవాళ్ళు, దాన్ని తగలబెట్టి ఆర్పడం నేర్చుకుంటామన్నారు. ఊరి పెద్దలు సరేనన్నారు. తగలబెట్టాల్సిన రోజు తెల్లారేసరికి ఒటీలీ గంపెడు బంగాళాదుంపలు, ఒక చాకు పట్టుకుని వెళ్ళి టికెట్ల గదిలో కూర్చుంది. బయటికి రమ్మని మగవాళ్ళు కేకలేశారు.

"తొక్క తియ్యడం అవ్వాలి కదా! అంత తొందరైతే అంటించెయ్యండి, దుంపలు ఇక్కడే ఉడికిపోతాయి," అంది లోపలినుంచి.

ఆమె మొగుడు ఎమిల్ కూడా ఆ దళంలో మనిషే. నీళ్ళగొట్టం పట్టుకుని, తల దించుకుని నిలబడ్డాడు పాపం. సాయంత్రానికి గంపలో దుంపలూ అయిపోయాయి, పెద్దల పంతమూ అయిపోయింది.

ఆ స్టేషనే ఇవాళ మా తొలితరం మ్యూజియం. నల్లసముద్రం ఒడ్డునున్న జర్మన్ పల్లెలు వదిలి అమెరికాలోని ఈ డకోటా గడ్డినేలకి వచ్చి, మట్టిపెళ్ళలతో ఇళ్ళు కట్టుకుని, చెట్టన్నది లేని చోట పిడకలు కాల్చుకుని బతికిన మా పెద్దల సామానంతా అందులో ఉంది. దాన్ని చేర్చింది ఒటీలీయే. కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఇనప పొయ్యిని కోళ్ళగూడు నుంచి లాక్కొచ్చింది. దున్నేవాళ్ళు గట్టున పడేసిన పాత సమాధుల ఇనప శిలువలను తుప్పు గీకి నిలబెట్టింది. పాతబడి పీకేసిన బడి గంటని పాత సామాన్లవాడి బండి మీంచి దింపించింది. రాజధానినుంచి మెచ్చుకోలు పలక వచ్చింది. చుట్టుపక్కల ఏ ఊరి మ్యూజియానికీ అలాంటిది లేదు.

ఇన్నిట్లోనూ ఆమెకి పంచప్రాణాలు పిల్లల నిధి వేట. ఏటా జూన్ మొదటి శనివారం నాడు పిల్లలు చీటీల్లోని పొడుపు విప్పుకుంటూ వెన్న చిలికే కవ్వం దగ్గరనుంచి ఊయల దగ్గరికి, ఊయల దగ్గరనుంచి గంట దగ్గరికి పరుగులు తీస్తారు. చీటీల్లో పాటలన్నీ ఆమే కడుతుంది. చివర దొరికే నిధి మాత్రం ఎప్పుడూ ఒకటే, వేయించి ఉప్పేసిన పొద్దుతిరుగుడు గింజల పొట్లాలు. మా ఊళ్ళో ఆ గింజలు కొరకని నోరు లేదు. ఒక బుగ్గన గింజలు పోసుకుని ఇంకో బుగ్గనుంచి తొక్కలు ఊసెయ్యడం పిల్లలకి నడకతో పాటే వస్తుంది. చర్చి మెట్ల మీద తొక్కలు ఊయవద్దని బోర్డు పెట్టుకున్న ఊరు మాదే.

అలాంటి ఊళ్ళో, పోయిన ఆకురాలు కాలంలో, పెద్దాయన వాల్డెమార్ కెటర్లింగ్ నీలం గాజు సీసా ఒకటి తెచ్చి ఒటీలీ చేతిలో పెట్టాడు. అడుగున రెండు గుప్పిళ్ళ గింజలున్నాయి. చారలవి, లావుపాటివి.

"వడగళ్ళు సాలంతా పడగొట్టాయి అమ్మాయ్. ఒక్క పువ్వు మిగిలింది. దాని గింజలివి. మా నాయనమ్మ పావడా అంచులో కుట్టుకుని ఓడెక్కిన రకం. నేనిక పార పట్టలేను. మే నెల్లో మ్యూజియం పెరట్లో విత్తు."

"నాకు వదిలెయ్ బాబాయ్," అంది ఒటీలీ. ఆమె మాటంటే రాత అని ఊరంతటికీ తెలుసు.

మే నెల వచ్చింది. గాజు బీరువాలో నీలం సీసా మీద ఎండ పడుతుంటే చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ముందు అక్కడే ఆగేవారు. పైగా పత్రికవాడు నిధి వేటకి బొమ్మ తీస్తానని కబురు పెట్టాడు. జూన్ సగం దాకా అదనుంది కదా, వేట అయ్యాక విత్తుదాంలే అనుకుంది ఒటీలీ. వేట రోజు పొద్దున బీరువా తెరిచి, ఫోటోలో అందంగా పడుతుందని ఆ సీసాని ఇనప పొయ్యి మీద పెట్టింది. నిధి పొట్లాలు అదే పొయ్యి కింది అరలో, తలుపు వెనక ఉన్నాయి. బీరువా తాళం చెవిని ఎప్పటిలా గుమ్మం మీద పెట్టకుండా, చెయ్యి ఖాళీ లేక, ఏప్రన్ జేబులో పడేసుకుంది.

ఆఖరి చీటీలో ఇలా ఉంది:

"చెట్టు లేని నేల మీద పిడక తిని వెచ్చనిచ్చె
ఇనప అవ్వ చెంత చూడు, నిధి నీకై వేచి ఉంది
పంటితో పగలగొట్టు, పక్కవాడికింత పెట్టు."

పిల్లలు చీటీ పట్టుకుని వంటింటి గదికి పరిగెత్తే వేళకి ఒటీలీ బయట బడి గంట పక్కన పత్రికవాడి ముందు నిలబడి ఉంది. లోపల్నుంచి టప్, టప్ మని గింజలు చిట్లుతున్న చప్పుడు వచ్చింది. ఆమె మొహం విప్పారింది.

"దొరికేసింది గడుగ్గాయిలకి!" అంది.

"ఆ నవ్వే, ఆ నవ్వే! కదలకండి," అన్నాడు పత్రికవాడు.

ఆమె కదల్లేదు.

లోపలికి వెళ్ళేసరికి పిల్లలంతా పొయ్యి చుట్టూ గొంతుక్కూర్చుని ఉన్నారు. పిడకల బకెట్లో తొక్కలు. ఫిష్‌బాక్ వాళ్ళ జోలీన్ లేచి నిలబడింది. ఆ పిల్లకి పదేళ్ళు. ఆ ఏడు అందరికన్నా ముందు పొడుపులన్నీ విప్పింది తనే.

"అత్తా, గెలిచాం! ఓడిపోయినవాళ్ళకి కూడా సమానంగా పెట్టేశా, మీరు రాసినట్టే. కానీ ఈసారి వేయించడం, ఉప్పెయ్యడం మర్చిపోయారు!"

నీలం సీసా బోర్లా పడి ఉంది.

ఒటీలీ మోకాళ్ళ మీద కూలబడి బకెట్లో చెయ్యి పెట్టింది. తొక్కలు, తొక్కలు, ఉమ్మి తడితో అంటుకున్న తొక్కలు. నిండు గింజ ఒక్కటీ తగల్లేదు. ఈలోగా మ్యూజియం కమిటీ అధ్యక్షుడు రైన్‌హోల్డ్ ఓప్ వచ్చాడు, వెనకాల, వేట రోజు భోజనానికని భోజనాల గదిలో చేరిన పెద్దవాళ్ళంతా వచ్చారు. చారల తొక్క ఒకటి ఏరి చూసి, రైన్‌హోల్డ్ మొహం కందగడ్డ చేసుకున్నాడు.

"కెటర్లింగ్ వాళ్ళ విత్తనాలివి! బీరువాలోంచి ఎవరు తీశారు?"

"పొయ్యి మీదే ఉంది మావయ్యా," అంది జోలీన్.

"ఓహో! తాళం వేసున్న బీరువాలోని సీసా తనే నడుచుకుంటూ వచ్చి పొయ్యెక్కిందా?"

ఎవరో నవ్వారు. "గుమ్మం మీద చెవి ఉంటుందని ఊళ్ళో పిల్లికి కూడా తెలుసు. కుర్చీ వేసుకుంటే అందదా?" అన్నారు ఇంకెవరో.

జోలీన్ ఒటీలీ వైపు తిరిగింది. "నేను తియ్యలేదు. అత్తా, మీరు చెప్పండి."

తాళం చెవి ఏప్రన్ జేబులోంచి ఒటీలీ తొడకి తగులుతోంది. గుమ్మం దగ్గర పత్రికవాడు కెమెరా మెళ్ళో వేసుకుని చూస్తున్నాడు. స్టేషన్ని తగలబెట్టడానికి ఊరంతా కదిలొస్తే బెదరని మనిషి, ఇప్పుడు ఒక్క మాటకి బెదిరింది.

"సూపు చల్లారిపోతోంది, అందరూ రండి," అంది.

అంతే అంది.

జోలీన్ తల్లి డార్లీన్ పిల్ల రెక్క పట్టుకుని తీసుకుపోయింది. మిగతావాళ్ళు పిండి ఉండల సూపు తాగారు, బాగుందన్నారు. ఒటీలీ చెంచా సూపులోనే ఉండిపోయింది.

మా వాళ్ళలో చావుకైనా, తప్పు ఒప్పుకోవడానికైనా చేతిలో మీగడ కూకన్, అదే మా తియ్యటి మీగడ రొట్టె, లేకుండా ఒకరి గడప తొక్కరు. మధ్యాహ్నం ఒటీలీ కూకన్ చేసింది. తియ్యటి రొట్టె పళ్ళెంలో మీగడ గట్టిపడే దాకా పొయ్యి ముందు నిలబడి, ఏం చెప్పాలో కూడబలుక్కుంది. ఎలా చెప్పుకున్నా, "మరే, పిల్లలు కూడా చూసుకోకుండా..." అన్న చోటికే మాట వెళ్ళి ఆగుతోంది. ఛీ అనుకుంది.

వాల్డెమార్ ఇంటి వాకిట్లో అప్పటికే డార్లీన్ కారు ఉంది. దోమతెర తలుపులోంచి జోలీన్ గొంతు వినపడింది. బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెబుతోంది.

"బీరువా తెరిచి మీ విత్తనాలు తీసినందుకు క్షమించండి తాతా."

ఒటీలీ కాళ్ళు గడప మీదే ఆగిపోయాయి. పొద్దున అందరి ముందూ నిజం చెప్పిన పిల్ల సాయంత్రానికి అబద్ధం అప్పజెబుతోంది. ఆ అబద్ధాన్ని దాని నోట్లో పెట్టింది తన మౌనమే.

లోపలికి వెళ్ళి బల్ల మీద కూకన్ పెట్టింది. దాని పక్కన తాళం చెవి పెట్టింది.

"అది తియ్యలేదు బాబాయ్. నేను తీశాను. ఫోటోకి బాగుంటుందని పొయ్యి మీద పెట్టింది నేను. చెవి పొద్దున్నుంచీ నా జేబులోనే ఉంది."

డార్లీన్ మొహం ఎర్రబడింది.

"పొద్దున మీ బుగ్గలో కూడా గింజలున్నాయా అత్తా? నోరు పెగల్లేదు?"

"లేదమ్మా. సిగ్గేసింది."

"మీకు సిగ్గేస్తే నా కూతురు దొంగవ్వాలా?"

వాల్డెమార్ ఎటో చూస్తూ, "మే నెల్లో విత్తమన్నాను," అన్నాడు.

"అన్నావు."

"విత్తి ఉంటే ఈపాటికి జానెడు లేచేవి."

"లేచేవి బాబాయ్."

ముసలాయన తిట్టి ఉంటే ఆమెకి తేలికగా ఉండేది. ఆయన జోలీన్ వైపు తిరిగాడు. "ఎలా ఉన్నాయే రుచి?"

పిల్ల తల్లి వంక చూసి, మెల్లిగా, "బాగున్నాయి తాతా. ఉప్పు లేదంతే," అంది.

"మా నాన్న వాటికి ఉప్పు తగలనిచ్చేవాడు కాదు. తీపి చచ్చిపోతుందనేవాడు." కూకన్ ముక్క కోసి పిల్ల ముందు పెట్టాడు. ఒటీలీకి పెట్టలేదు. "ఆ రకం ఇంకొక్క చోట ఉంది. కానీ ఆవిడతో నేను మాట్లాడను."

ఆవిడ ఆయన చెల్లెలు అల్బీనా. పెళ్ళయి సరిహద్దుకి ఆవల, కెనడాలోని సస్కచెవాన్ వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ ఈకల పరుపు దగ్గర అన్నాచెల్లెళ్ళకి మాటలు ఆగిపోయాయి. పరుపు అల్బీనాకే అని తల్లి పోతూ పోతూ చెప్పింది. వాల్డెమార్ మాత్రం దాన్ని మ్యూజియానికి ఇచ్చేశాడు. ఆయనెందుకిచ్చాడో ఒటీలీకి బాగా తెలుసు. ఆ పరుపు కోసం నెల్లాళ్ళు ఈ బల్ల మీదికే కూకన్లు మోసింది తను. అప్పుడు దాన్ని కూడా ఒక విజయమనే చెప్పుకుంది.

అక్కడే, వాల్డెమార్ ఫోను మీంచే, అల్బీనాకి ఫోను చేసింది.

"గింజలా? ఏటా సాలు నిండా వేస్తాను. ఎవరే నువ్వు?"

"మ్యూజియం ఒటీలీని పిన్నీ."

"ఓ! నువ్వేనా మా అమ్మ పరుపు పట్టుకుపోయింది? దాని మీద ఎవరు పడుకుంటున్నారే?"

"ఎవరూ పడుకోరు పిన్నీ. అందరూ చూస్తారు."

"పరుపుని చూడ్డమేంటే, దిక్కుమాలిన దానా! పట్టుకురా. పరుపిచ్చి గింజలు పట్టుకుపో. తపాలాలో పంపను. నాకు తపాలా మీద నమ్మకం లేదు, మా అన్నయ్య మీద అంతకన్నా లేదు."

గదిలో అందరికీ వినపడింది. వాల్డెమార్ గడ్డం గోక్కున్నాడు. "ఇచ్చెయ్," అన్నాడు.

మర్నాడు ఆదివారం. ప్రార్థన అయ్యాక, జనం లేవకముందే ఒటీలీ లేచి నిలబడింది. ఆ చర్చిలో ఆమె ఎన్నోసార్లు లేచి నిలబడింది, ప్రతిసారీ ఏదో ఒకటి సాధించానని చెప్పడానికే. ఈసారి తాళం చెవి ఎత్తి చూపించి, సీసా సంగతి, ఫోటో సంగతి, సూపు సంగతి చెప్పింది. పిల్లని పేరు పెట్టి పిలిచి, "జోలీన్, నువ్వు నిజం చెప్పావు. నేను చెప్పలేదు," అంది.

రైన్‌హోల్డ్ దగ్గి, "ఆ పరుపు కమిటీ ఆస్తి ఒటీలీ, అలా ఎత్తుకుపోకూడదు," అన్నాడు.

"కమిటీ దాని మీద పడుకుంటుందా?" అంది వెనక వరసలోంచి డార్లీన్.

జనం నవ్వారు. జోలీన్ నవ్వలేదు. బయట మెట్ల దగ్గర ఒటీలీని ఆపి, "పత్రికలో కూడా చెప్తారా?" అని అడిగింది. ఒటీలీ ఆ సాయంత్రమే పత్రికవాణ్ణి అడిగింది. ఆ పేజీ అచ్చుకి వెళ్ళిపోయిందన్నాడు. బుధవారం ఊరంతటికీ ఆ ఫోటోయే వస్తుంది, లోపల గింజలు చిట్లుతుంటే గంట పక్కన నిలబడి మురిసిపోతున్న ఫోటో. అదిక తన మొహమే, మార్చడానికి లేదు.

సోమవారం పొద్దున ఈకల పరుపుని దుప్పట్లో చుట్టి ట్రక్కులో ఎక్కించారు. మ్యూజియం మంచం మీద కట్టెలు బోసిగా కనిపించాయి. వాల్డెమార్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. అప్పటిదాకా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

"సరిహద్దు దగ్గర అడుగుతారేమో. మా నాయనమ్మలా పావడా అంచులో కుట్టుకుని రా."

"నాది ప్యాంటు బాబాయ్. అడిగితే ఉన్నాయని చెప్తాను. దాచడం ఇంక చాలు."

ఆయన పరుపు మీద ఒకసారి చెయ్యి వేసి, తీసేశాడు. "నేను ఆ పంట చూడాలంటే విత్తడం జూన్ సగం దాటకూడదు. దాటితే మంచుకి ముందు గింజ కట్టదు."

"తెలుసు."

ఒటీలీ తాళం చెవి జోలీన్‌కి ఇవ్వబోయింది. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దు. ఇంకేదైనా పోతే మళ్ళీ నా మీదే పెడతారు."

ఒటీలీకి ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. చెవి డార్లీన్‌కి ఇచ్చి, ట్రక్కెక్కింది.

"పెరట్లో నేల మాత్రం నేను తవ్వి ఉంచుతా," అంది జోలీన్, కిటికీ వైపు చూడకుండా. "మీరు ఏ రోజు వస్తారో చెప్పండి. ఈసారి చెప్పిన రోజుకే రావాలి."

ఒటీలీ చెప్పింది. ట్రక్కు మలుపు తిరిగాక పిల్ల స్టేషన్ లోపలికి వెళ్ళి, ఒకప్పుడు వచ్చే రైళ్ళ వేళలు రాసిన నల్లబోర్డు మీద ఎన్నేళ్ళుగానో పేరుకున్న దుమ్ము తుడిచింది. సుద్దముక్కతో, బయటినుంచి కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో రాసింది:

రావలసినవి: ఒటీలీ అత్త, గింజలతో. శనివారం, జూన్ 14.