నోరు ఇంటి దగ్గర పెట్టి రమ్మన్న ఓమా

ప్రియులారా, మా పక్కింటి ఓమా ప్రభువు దగ్గరికి వెళ్ళిందని రాద్దామని కూర్చున్నాను. చెయ్యి సాగలేదు. "పోయింది" అని మాత్రం రాయగలను. పోయిందనడానికీ ప్రభువు దగ్గరికి వెళ్ళిందనడానికీ మధ్య ఎంత దూరముందో, ఆ దూరంలోనే కొద్ది వారాలుగా దారి తెలియక తిరుగుతున్నాను.

డిసెంబరు మొదట్లో, నేను ప్యాకింగ్ లైన్ దగ్గర డ్యూటీలో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏమండీ, ఓమా వాళ్ళమ్మాయి ఆరిజోనా నుంచి ఎంత ట్రై చేసినా ఆవిడ ఫోన్ ఎత్తలేదట. నన్ను వెళ్ళి చూడమంది. తాళంచెవి మన దగ్గర ఉంది కదా, వెళ్ళాను. కుర్చీలోనే అండీ... నిద్రపోతున్నట్టే ఉంది." అంటూనే ఏడ్చేసింది.

ఓమా అంటే ఆస్ట్రియా వాళ్ళ మాటలో అమ్మమ్మా, నానమ్మా కూడా. మా పిల్లలు అలా పిలిచేవాళ్ళు, వాళ్ళ వెనకాల నేనూ. వయసులో ఉన్నప్పుడు పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చింది, భర్త పోయాక కూడా పిస్కాటవేలో అదే ఇంట్లో ఉండిపోయింది. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒక డ్రైవ్‌వే అడ్డం, అంతే. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను.

నన్ను ఎరగనివాళ్ళకు నా సంగతి. నేను పాస్టర్‌ని కాను. వేదాంత కళాశాల గడప తొక్కలేదు. మందుల కంపెనీలో ఉద్యోగం, ఆదివారం మా బేస్‌మెంట్‌లో ఎంఎస్ చదివే పిల్లలకు వాక్యం చెప్పడం. ఆ వాక్యం కూడా బస్సులో, లంచ్ బ్రేక్‌లో, పేజీల అంచులు చిరిగేదాకా చదివి నాకు నేనే నేర్చుకున్నది. గొంతు మాత్రం దేవుడిచ్చాడు. నరకం గురించి చెప్పేటప్పుడు ఆ గొంతు తగ్గించను. నరకం ఉంది. అందులో అగ్ని ఉంది. ఆ అగ్నిని చల్లార్చడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు, దయచేసి ఎవరూ అలా అనుకోవద్దు.

ఓమాను మా గుమ్మంలోకి తెచ్చింది ఆ గొంతే. ఒక శనివారం మాకు ఉపవాస ప్రార్థన. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పిల్లలంతా మోకాళ్ళ మీద ఉన్నారు. ఊరంతా ఉపవాసముండి దేవుడి శిక్ష తప్పించుకున్న నీనెవె పట్టణం గురించి చెబుతున్నాను. బెల్ మోగింది. తలుపు తీస్తే ఎర్ర స్వెటర్‌లో సన్నగా, పొట్టిగా ఒక పెద్దావిడ. చేతిలో గుండ్రటి రేకు డబ్బా.

"లోపల ఎవరికి ఏమైంది?"

"ఏం కాలేదండీ. ప్రార్థన."

"ప్రార్థనకి ఇంత అరుపెందుకు? ఆయనకి చెవుడా?"

"ఉపవాసం ఉన్నాం," అన్నాను గంభీరంగా.

"అదీ సంగతి. ఆకలేసి అరుస్తున్నారు. ఇవి తినండి, సర్దుకుంటుంది."

కొండ మీద అబద్ధ ప్రవక్తలను, వాళ్ళ దేవుడు నిద్రపోతున్నాడేమోనని, నిజమైన ప్రవక్త ఎగతాళి చేసిన ఘట్టం మీద నేను చాలాసార్లు ప్రసంగించాను. అలాంటి ఎగతాళి నా గుమ్మంలో నాకే తగులుతుందనుకోలేదు.

డబ్బాలో లింజర్ కుకీలు. రెండు పల్చటి బిస్కెట్ల మధ్య జామ్ పెట్టి అతికిస్తారు. పై బిస్కెట్‌కు చిల్లులుంటాయి, వాటిలోంచి ఎర్రటి జామ్ మెరుస్తుంటుంది, పైన పంచదార పొడి. సాయంత్రం ఉపవాసం విడిచాక మా బేస్‌మెంట్ పిల్లలు డబ్బా అడుగు నాకినంత పని చేశారు. ఖాళీ డబ్బా తిరిగి ఎలా ఇస్తామని మా ఆవిడ అందులో చేగోడీలు పోసి పంపింది. "ఇవి తినాలంటే పళ్ళు కావాలి. నావి కొనుక్కున్న పళ్ళు," అని కబురొచ్చింది.

మరుసటి చలికాలం నుంచి ఓమా వంటింట్లో గింజలు పట్టే పని నాదైంది. బల్ల అంచుకి బిగించే ఇనప మర ఒకటుండేది. పిడి పట్టుకుని తిప్పితే హేజల్‌నట్ గింజలు పొడిపొడిగా కిందికి రాలిపడేవి. ఆవిడకు మణికట్టు నొప్పి. నేను తిప్పుతూ వాక్యం మొదలుపెట్టేవాణ్ణి.

"ప్రీచర్, తిప్పు."

"తిప్పుతున్నాగా ఓమా."

"లేదు. నీ నోరు తిరిగినప్పుడల్లా నీ చెయ్యి ఆగిపోతుంది. చూసుకో."

చూసుకున్నాను. నిజమే.

ఆ పొడిలో మైదా, చల్లటి వెన్న, చక్కెర, నిమ్మతొక్క తురుము, దాల్చినచెక్క, లవంగం పడతాయి. ఆ వాసన నా చొక్కాకు పట్టుకుంటే మా ఆవిడ "బిర్యానీ తినొచ్చారా?" అని అడిగేది. మొదటిసారి నేను ఆ ముద్దను చపాతీ పిండిలా పిడికిళ్ళతో మర్దించాను. చెక్క గరిటెతో చేతి మీద ఒక్కటి వేసింది. "ఇది నీ సంఘం కాదు, ఇలా కుమ్మడానికి! దగ్గరికి చేర్చు, వదిలెయ్. అంతే." నావి వేడి చేతులు, వెన్న ఊరికే కరిగిపోయేది. కుళాయి కింద చన్నీళ్ళలో చేతులు పెట్టించి, తుడిపించి, అప్పుడు మళ్ళీ పిండి దగ్గరికి రానిచ్చేది.

పై బిస్కెట్‌కి మూడు చిల్లులు. అది మొదటిసారి చూసినప్పుడు నా ఆత్మ ఉప్పొంగింది. "చూశారా ఓమా! తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ! చిల్లులు మూడు, లోపల జామ్ ఒక్కటే!"

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "మా అమ్మ దగ్గరున్న అచ్చుకి మూడు చిల్లులున్నాయి." ట్రే పక్కకు జరిపి, "కానీ బాగా చెప్పావు," అని విరిగిన బిస్కెట్ ముక్క ఒకటి నా నోట్లో పెట్టింది. మెచ్చుకుందో, నోరు మూయించిందో నాకిప్పటికీ తెలియదు.

అతికించిన రోజు ఆ కుకీ గట్టిగా ఉంటుంది. మనకేమో ఏదైనా పొయ్యి మీంచి దించగానే తినాలి. నేను చెయ్యి పెట్టబోతే డబ్బా మూత టప్పున వేసేసేది. "ఇవాళ కాదు. జామ్‌ని పని చెయ్యనివ్వు." జామ్ తడి మెల్లగా బిస్కెట్‌లోకి దిగి, కొన్నాళ్ళకు నోట్లో పెట్టగానే కరిగేలా తయారయ్యేవి. నేను ఊరుకుంటానా, రక్షణకు ఇవాళే దినం, రేపు మన చేతిలో లేదు అని అందుకునేవాణ్ణి. "నీకు అన్నీ ఇవాళే కావాలి ప్రీచర్," అనేది.

ప్రభువును నమ్ముకుని నరకం తప్పించుకున్నారా అని ప్రతి చలికాలమూ అడిగేవాణ్ణి. "ఓమా, మీరు రక్షణ పొందారా?" ఒకసారి "ముందు ఆ ట్రే ఓవెన్‌లో పెట్టు" అంది. ఒకసారి "నువ్వు పొందావుగా, నీ ముఖం చూస్తే అలా లేదే?" అంది. ఆదివారం కూటానికి రమ్మంటే, "దేవుడు వారంలో ఒక్కరోజు పడుకున్నాడని నువ్వే చెప్పావు. మీరంతా కలిసి లేపడమెందుకు?" అనేది. నేను ఆమెకు విశ్రాంతి దినం గురించి వివరిస్తుంటే తను జామ్ వేడి చేసుకునేది. రెడ్ కరంట్ అనే చిన్న పుల్లటి పండ్ల జామ్ అది. వేరేది పెడితే ఒప్పుకునేది కాదు.

మా ఆవిడకు కడుపు పోయినప్పుడు ఓమా వచ్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. సింక్‌లో ఉన్న గిన్నెలన్నీ తోమి, గట్టు తుడిచి వెళ్ళిపోయింది. మరునాడూ వచ్చింది, ఆ మరునాడూ వచ్చింది. నేను ఆ వారమంతా మంచం పక్కన కూర్చుని ఓదార్పు వాక్యాలు చదివాను, అవి సత్యవాక్యాలే. కానీ మా ఆవిడ ఇప్పటికీ చెప్పుకునేది ఆ గిన్నెల గురించి. దీనికి నేనేం అర్థం చెప్పుకోవాలి? క్రియల వల్ల రక్షణ రాదని గట్టిగా బోధించేవాణ్ణి నేను. రాదు కూడా. మరి ఆ గిన్నెల చప్పుడు నా చెవుల్లోంచి ఎందుకు పోదు?

ఈ అక్టోబరులో ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక సూప్ ఇవ్వడానికి వెళ్ళాను. దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుంది.

"ప్రీచర్, నేను పోతే నువ్వు రావాలి."

"అలాంటి మాటలొద్దు ఓమా."

"రావాలి. నోరు ఇంటి దగ్గర పెట్టి రా. చేతులు తెచ్చుకో. కుకీలు నువ్వే చెయ్యాలి, వచ్చినవాళ్ళకి నువ్వే పెట్టాలి. ప్రసంగం వద్దు, ప్రార్థన వద్దు. అక్కడ ఒక్క ముక్క మాట్లాడకూడదు. నీ పుస్తకం మీద ఒట్టెయ్."

"మా వాక్యం ఒట్టు పెట్టుకోవద్దంటుంది. ఔనంటే ఔను, కాదంటే కాదు. అంతే."

"అయితే ఔనను."

నవ్వుతూ ఔనన్నాను. ఆవిడ నవ్వలేదు. ఎందుకని అడిగితే సూప్‌లో ఉప్పు ఎక్కువైందంది.

దేవుడి మాట వద్దనుకుందా? నా మాట వద్దనుకుందా? అప్పుడు అడగాల్సినంత గట్టిగా అడగలేదు, ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

చావు కబురు తెలిసిన సాయంత్రం మా కూటంలోని కరీంనగర్ తమ్ముడొకడు వచ్చాడు. ఓమా కుకీలు నాకంటే ఎక్కువ తిన్నవాడు. "అన్నా, ఓమా రక్షణ పొందిందా?"

కుర్చీ చూపించి, టీ పెట్టమని మా ఆవిడకి చెప్పాను.

"గది మీకే తెల్వకపోతె ఇంకెవరికి తెలుస్తదన్నా? ఫ్యునరల్‌కి మస్తు మంది వస్తరు. వాక్యం ఎన్నడు విననోళ్ళు. మీరు మాట్లాడాలె. దేవుడు డోర్ ఓపెన్ చేసిండు."

"మాట్లాడనని మాటిచ్చాను తమ్ముడూ."

"ఆత్మల కన్న మాట ఎక్కువనా అన్నా?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఔనంటే ఔనే అని ప్రతివారం చెప్పేది మీరేగా. ఇప్పుడు ఔనంటే చూద్దాం అంటారా?"

సమయం కుదిరినా కుదరకపోయినా ప్రకటించమని ఒక చోట ఉంది. ఔనన్నది ఔనుగా ఉండాలని ఇంకో చోట ఉంది. ఇంతకాలం గ్రంథం తెరిస్తే నాకు ఒక్క దారి కనిపించేది. ఇప్పుడు ఎదురెదురుగా రెండు దారులు, రెంటి మీదా ఆయన సంతకమే. ప్రార్థించాను. ఏమీ వినిపించలేదు. మాట్లాడాలో వద్దో తేల్చుకోకుండానే చేతులు కడుక్కున్నాను, కుకీలైతే ఎలాగూ చెయ్యాలి కదా అని.

గింజలు మిక్సీలో వేశాను. అది వేడెక్కి, గింజలు నూనె కక్కి ముద్దయిపోయాయి. మా ఆవిడ మూత తీసి చూసి, "ఓమాకి పచ్చడి చేస్తున్నారా?" అంది. ఏడుస్తూనే నవ్వింది. ఇక లాభం లేదని పక్కింటికి వెళ్ళాను. ఆరిజోనా నుంచి వచ్చిన కూతురు వంటింటి సామాను అట్టపెట్టెల్లో సర్దుతోంది.

"మీరు ప్రీచర్ కదూ? అమ్మ మీ గురించి చెప్పేది."

"ఏమని చెప్పేదండీ?"

"బాగా అరుస్తాడని. గింజలు బాగా పడతాడని."

పెట్టెలోంచి ఇనప మర తీసి ఇచ్చింది. ఆ మధ్యాహ్నమంతా మా బల్ల దగ్గర దాన్ని తిప్పాను. నోరు తెరవలేదు. కుకీలు కాల్చి, జామ్ పెట్టి అతికించి, డబ్బాలో సర్ది మూత పెట్టేశాను. సభ రోజు వరకూ ఎవర్నీ తియ్యనివ్వలేదు.

ఫ్యునరల్ హోమ్‌లో చిన్న హాలు. ముందు ఓమాను పడుకోబెట్టిన పెట్టె. నల్ల బట్టల్లో ఇరుగుపొరుగు, మా కూటం పిల్లలు. పంచదార ముందే చల్లితే జామ్ తడికి కరిగిపోతుందని, వెనక బల్ల దగ్గర నిలబడి టీ జల్లెడతో అప్పుడే చల్లుతున్నాను. వేళ్ళకీ అరచేతులకీ అంతా అదే. కూతురు పెట్టె పక్కన నిలబడి నాలుగు మాటలు చెప్పింది. ఐదో మాట రాలేదు. అందరి మీంచి చూపు తిప్పి నా దగ్గర ఆపింది.

"అమ్మకి పాస్టర్ లేరు. మీరున్నారు. ఏదైనా చెప్పండి, ప్లీజ్. దేవుడి గురించే చెప్పండి. నాకు కావాలి."

హాలంతా నా వైపు తిరిగింది. "చెప్పన్నా," అని కరీంనగర్ తమ్ముడు గుసగుసలాడాడు. ప్రియులారా, వాక్యం నా నాలుక చివర ఉంది. పునరుత్థానమూ, ఖాళీ సమాధీ, అన్నీ ఉన్నాయి. అడిగింది బతికున్న కూతురు. వద్దన్నది పెట్టెలో ఉన్న తల్లి. ఇద్దరిలో ఎవరి కోసం నన్ను ఇక్కడ నిలబెట్టావు ప్రభువా అని లోపల అరిచాను. బయటికి నా పెదవులు కదిలాయి, అంతే. తల అడ్డంగా ఊపి, పళ్ళెం ఎత్తాను.

ఆమె ముఖం వాడిపోయింది. తమ్ముడు తల దించుకున్నాడు. నేను వరసవరసకీ వెళ్ళి ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కుకీ పెట్టాను. నమిలే చప్పుడు కూడా లేదు, అంత మెత్తగా దిగాయి. చివరికి ఆమె దగ్గరికి వచ్చాను. తీసుకోదనుకున్నాను. తీసుకుంది. కొరికి, కళ్ళు మూసుకుంది.

"ఇది అమ్మదే," అంది. అని నా భుజం మీద వాలిపోయి బావురుమంది.

ఆమె వేసుకున్నది నల్ల కోటు. నా చేతుల నిండా పంచదార. మరక అవుతుందని వాటిని గాల్లోనే పట్టుకున్నాను. ఎంతకీ ఏడుపు ఆగలేదు. ఇక పట్టుకోలేక ఆ వీపు మీద ఆనించాను.

నేను ఆజ్ఞ తప్పానో, మాట నిలుపుకున్నానో తేలలేదు. తమ్ముడికి జవాబు ఇంకా బాకీ ఉన్నాను. ఓమా ఎక్కడుందో నాకు తెలియదు, తెలియదని రాయడం ఇదే మొదటిసారి. ఆవిడ నా చేతులకు నేర్పినదానికి మాత్రం దేవుణ్ణి స్తుతిస్తున్నాను.

పెట్టెను కారులోకి ఎక్కించారు. కూతురు దాని వెనకాల బయటికి నడిచింది. అప్పుడు చూశాను. నల్ల కోటు వీపు మీద రెండు అరచేతులు, పది వేళ్ళూ, తెల్లగా అచ్చు వేసినట్టు. పిలిచి చెప్పాలో వద్దో తోచక తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆమెకు తెలియదు. పార్కింగ్ లాట్‌లో చలికాలపు ఎండలో, వాటిని వీపున మోసుకుంటూ, తల్లి వెనకాలే నడిచి వెళుతోంది.