నేను కుట్టానని చెప్పుకున్న సీటు

మగ్గాల కార్ఖానాలో నేసిన బట్టను బల్ల మీద పరిచి తప్పులు పట్టడం నా ఉద్యోగం. పోగు తెగిన చోట, నూనె మరక పడిన చోట సుద్దముక్కతో గీత గీస్తాను. సూరత్ వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పని. ఇన్నేళ్లలో ఒక మూర బట్ట నేసింది లేదు, ఒక కుట్టు వేసింది లేదు. అయినా తప్పు పట్టగలిగినవాడికి పని కూడా వచ్చినట్టేనని నాకు గట్టి నమ్మకం ఉండేది.

పని మానేసి ఊరికి వెళ్లిపోతున్న ఒక పెద్దాయన దగ్గర ఆయన పాత మోటార్ సైకిల్ తీసుకున్నాను. వయసులో నాకన్నా పెద్దది. అయినా ఒక్క తన్నుకే ఇంజను లేచేది. సీటు మాత్రం చూడలేం. రెగ్జిన్ నిలువునా చీలి, లోపలి స్పాంజి పొడిపొడిగా రాలేది. సీట్లు కుట్టేవాడికి ఇమ్మని మెకానిక్ చెప్పాడు. బట్ట పని నాకే చెప్పొచ్చాడా అని నవ్వి వచ్చేశాను.

ఆదివారం పొద్దున, సూరత్ శివారు కోసాడ్‌లో మా మూడో అంతస్తు ఇంటి ముందు గోనెపట్టా పరిచి పని మొదలుపెట్టాను. మా ఆవిడ లోపల మిషన్ ముందు కూర్చుని చీరలకు లేసు కుడుతోంది. బట్టల సేటు దగ్గర్నుంచి చీరల మూటలు ఇంటికి తెచ్చుకుని కుట్టివ్వడం ఆమె పని. సీటు అడుగున ఒక రేకు, దాని అంచుకు వరుసగా పళ్లు ఉన్నాయి. రెగ్జిన్‌ను పట్టి ఉంచేవి ఆ పళ్లే. ఒక్కో పన్నూ లేపి తొడుగు లాగేసరికి స్పాంజిలో కాపురమున్న చీమలన్నీ బయటపడి, సరాసరి మా గుమ్మం దాటి చీరల మూటల వైపు నడిచాయి.

"ఏందయ్యా గిది! చీమలన్నీ చీరల మీదికొస్తున్నయ్!"

"జర ఓపిక పట్టవే. సీటు పని కానియ్, నిన్నే ఎనక కూసోపెట్టుకొని తిప్పుత."

చీపురు తీసుకుని చీమల్ని ఊడుస్తూ ఆమె ఒక మంచి మాట చెప్పింది. "పాత తొడుగు పారెయ్యకు. అది పరిచి కోసినవంటే కొలత తప్పదు."

అప్పటికే దాన్ని ముక్కలు చేసి రేకు తుప్పు తుడుస్తున్నాను. చేతిలోని ముక్కను వెనక దాచి, "నాకు కొలతలు తెల్వవా?" అన్నాను.

టేపుతో రేకును కొలిచి, బజారు నుంచి తెచ్చిన కొత్త రెగ్జిన్‌ను అంతే కోశాను. రేకు మీద నాలుగు వేళ్ల మందం కొత్త స్పాంజి వస్తుందనీ, దాని పక్కలు కూడా కప్పాలనీ తోచలేదు. తొడిగి చూస్తే సీటు చిన్నప్పటి లాగులో ఇరుక్కున్న పెద్దమనిషిలా ఉంది. మళ్లీ బజారుకు వెళ్లి ఇంకో ముక్క తెచ్చి, ఈసారి వదులుగా కోశాను. మా ఆవిడ కూరగాయలకు వెళ్లగానే మిషన్ ముందు కూర్చున్నాను. మొదటి సూది టప్‌మని విరిగింది. ఇంకోటి ఎక్కించాను, అదీ విరిగింది. మూడోదానితో పాటు లోపలెక్కడో గర్రుమని చప్పుడై చక్రం తిరగడం మానేసింది.

ఆమె వచ్చి మిషన్‌నూ, నన్నూ చూసింది.

"రెండు మూటలున్నయ్ నాకు. ఎల్లుండి సేటుకియ్యాలె."

"నేను బాగు చేస్త."

"నువ్వా?" అంది.

మర్నాడు మిషన్‌ను ఆటోలో పెట్టుకుని ఇద్దరం బాగుచేసేవాడి దగ్గరికి వెళ్లాం. అతను మూత తీసి, "ఏం కుట్టారు దీని మీద, టైరా?" అని హిందీలో అడిగాడు. "మా ఆవిడ ఏదో కుట్టింది" అనేశాను. ఆమె నా వెనకే నిలబడి ఉందన్న సంగతి మాట నోరు దాటాక గుర్తొచ్చింది. ఆమె వెళ్లి ఆటోలో ఓ మూలకు జరిగి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మిషన్ రెండు రోజులు అక్కడే ఉంటుందన్నాడు. లేసులు చేత్తో కుట్టక తప్పలేదు. డ్యూటీ దిగి వచ్చి నేనూ సూది పట్టాను. నా కుట్టును వెలుగుకు పెట్టి చూసి, దారం లాగేసి, "మళ్ల కుట్టు" అనేది. ఒక చీరకు మూడుసార్లు లాగేసింది. మూడోసారి కుట్టు ఎక్కడ వంకరపోయిందో నాకు కనిపించనే లేదు. అడగడానికి సిగ్గేసి, కనిపించినట్టు తలాడించి మళ్లీ కుట్టాను.

మూటలు సేటుకు చేరాక ఆమే సీటు ముందేసుకుంది. నేను తుప్పు తుడిచిన ముక్కల్ని ఉతికి ఆరేసి, నేల మీద పక్కపక్కన పేర్చి, వాటి చుట్టూ గీసి రెగ్జిన్ కోసింది. "ఇగ దబ్బనం తే" అంది. ఆమె దబ్బనంతో పొడుస్తుంటే నేను దారం లాగాను.

"స్పాంజి శాన ఎత్తుంది. నీ కాళ్లు భూమికి అందయ్. జర కోద్దాం."

నా పొడుగు మీద అంత మాటనేసరికి పౌరుషం వచ్చింది. వద్దన్నాను. సీటు బిగించి కిందికి వెళ్లి ఎక్కాను. ఒక కాలి బొటనవేలు నేలకు తగిలింది, రెండోది తగల్లేదు. కూరగాయల బండి చుట్టూ నిలబడిన మా బిల్డింగ్ ఆడవాళ్లందరి ముందు, బండితో సహా నెమ్మదిగా పక్కకు ఒరిగిపోయాను. ఎంత నెమ్మదిగా అంటే, పడకముందే అందరూ నవ్వడం మొదలుపెట్టారు.

పైకి తెచ్చిన సీటును మళ్లీ విప్పి, మా ఆవిడ కత్తిపీట మీద రెండు వేళ్ల మందం స్పాంజి కోసేసింది.

తర్వాతి ఆదివారం ఆమెను ఎక్కించుకుని తాపీ నది వంతెన దాకా వెళ్లాను. "ఎట్లుంది?" అని అడిగితే, "ముందు చూసి నడుపు" అంది. వంతెన సగం దాటాక తనే నా భుజం మీద చెయ్యి వేసి, "మంచిగనే ఉంది" అంది.

కార్ఖానాలో సీటు ఎవరు కుట్టారని అడిగితే "నేనే" అన్నాను. ఒక వారం అలా చెలామణి అయ్యాను. అంతలో వాన పడింది. దబ్బనం పొడిచిన ప్రతి రంధ్రంలోంచీ నీళ్లు దిగి స్పాంజి ముద్దయింది. నా ప్యాంటు వెనక మరక చూసి, కుట్టిన మొనగాడు ఎవరని అందరూ మళ్లీ అడిగారు. "మా ఆవిడ" అనబోయి ఆగాను. ఆ తప్పు ఒకసారి చేశాను, చాలు.

ఇంట్లో చెబితే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. కొవ్వొత్తి తెచ్చి కుట్ల మీద రుద్దమంది. ఎందుకని అడగలేదు. కూర్చుని, మైనంతో ఒక్కో రంధ్రం పూడేదాకా రుద్దాను.