ఎర్రగా లేదు కదా అనుకున్నాను

ముఖం మండుతోందని మా ఆవిడ నాతో మొదటిసారి అన్నది తొంభై ఎనిమిది వేసవిలో, ఒక మిట్టమధ్యాహ్నం. రాజోలు దగ్గర మాది కొబ్బరి వ్యాపారం. కాయలు పగలగొట్టి, చిప్పలు కళ్ళంలో పరిచి, ఎండిన కొబ్బరిని మలికిపురం పంపేవాళ్ళం. చిప్పలు తిరగేయించే పని మా ఆవిడ సత్యవతి చూసుకునేది. ఆ రోజు పాకలోకి వచ్చి రెండు బుగ్గలూ పట్టుకుని నిలబడింది.

"మండిపోతోందండీ. ఒకసారి చూడండి."

చూశాను. "ఎర్రగా ఏం లేదు కదా. ఎండకి ఇంకాస్త నల్లబడ్డావు, అంతే," అన్నాను.

సత్యవతి నల్లగా ఉంటుంది. నేను తెలుపు. పెళ్ళయిన కొత్తలో మావాళ్ళు ఆవిడ రంగు మీద వేసే ఎకసెక్కాలకి నేను కూడా నవ్వేవాణ్ణి. ఈ వాక్యం రాయడానికి కూర్చుని రెండుసార్లు లేచి అరుగు మీద తిరిగి వచ్చాను. కానీ ఇది దాచి మిగతాది చెప్పలేను. ఆవిడ ముఖంలో ఏ మార్పు వచ్చినా నాకు అది రంగు సంగతిగానే కనపడింది. జబ్బుగా కనపడలేదు.

శనగపిండి, మీగడ కలిపి నలుగు పెట్టుకోమన్నాను. తర్వాత తెల్లబరిచే క్రీం ఒకటి తెచ్చిచ్చాను. అది రాస్తే మంట ఇంకా ఎక్కువయ్యేది. "మండిందంటే పనిచేస్తున్నట్టే," అన్నాను, నాకేదో తెలిసినట్టు.

వానాకాలానికి పొద్దున్నే వేళ్ళు వాచి చెంబు పట్టుకోలేకపోయేది. దువ్వెన నిండా జుట్టు. నోట్లో పుళ్ళు. ఊళ్ళో డాక్టరు ఎండదెబ్బ, నీరసం అని బి-కాంప్లెక్స్ రాశారు. నాకు హాయి అనిపించింది. పెద్ద జబ్బు కాదన్నారు, మన పని మనం చూసుకోవచ్చు.

ఆవిడ తమ్ముడు రాంబాబు కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. వచ్చిన పూటే నన్ను పక్కకి పిలిచాడు.

"బావగారూ, అక్క ముఖం చూసేరా? అది నలుపు కాదండీ, మచ్చ."

"మీ అక్క ఎప్పుడు తెల్లగా ఉందిరా?"

వాడు నవ్వలేదు. "కారు మాట్లాడేను. రేపు కాకినాడ. మీరొస్తారా, నేనొక్కణ్ణే తీసికెళ్ళనా?"

కాకినాడలో చర్మ వ్యాధుల డాక్టరమ్మగారు సత్యవతిని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళారు. వెలుతురులో ముఖం అటూ ఇటూ తిప్పి, తన చేతి వెనకవైపు ఆవిడ బుగ్గకి ఆనించి, తర్వాత తేడా తెలియడానికి ఆవిడ మోచేతి లోపలివైపుకీ ఆనించారు. "మీరూ పెట్టి చూడండి," అని నన్ను పిలిచారు. బుగ్గ జ్వరం వచ్చినట్టు వేడిగా ఉంది. ఇన్ని నెలల్లో నేను ఆ బుగ్గ ముట్టుకున్నది అదే మొదటిసారి.

రక్తం, యూరిన్ పరీక్షలు రాసి, వారం తర్వాత వచ్చేటప్పుడు పాత ఫోటో ఒకటి తెమ్మన్నారు. ఆవిడ అసలు రంగేమిటో, మచ్చ ఎంతవరకు పాకిందో తెలియాలట.

ఇంట్లో ఉన్నది ఒక్కటే, పెళ్ళయిన కొత్తలో అమలాపురం స్టూడియోలో తీయించింది. ఆవిడ తెల్లగా రావాలని పౌడరు దట్టంగా రాయించి, ఫోటోగ్రాఫర్‌ని బతిమాలి టచింగ్ కూడా చేయించాను. డాక్టరమ్మగారు దాన్ని చూసి, సత్యవతిని చూసి, మళ్ళీ దాన్ని చూశారు.

"ఈవిడెవరండీ?"

"ఆవిడేనండి."

"ఇది నాకు పనికిరాదు."

సత్యవతి తల వంచుకుంది. రాంబాబు పర్సులోంచి చిన్న కలర్ ఫోటో తీశాడు. అంతర్వేది తీర్థంలో వాడి కెమెరాతో వాడే తీసింది. అందులో సత్యవతి జీళ్ళు తింటూ నవ్వుతోంది. ఆ రోజు నాకూ ఒక కాపీ ఇస్తానంటే, మరీ నల్లగా వచ్చిందని వద్దన్నాను.

"ఇదీ ఫోటో అంటే," అన్నారు డాక్టరమ్మగారు. "ఈ మచ్చ తెల్లటి చర్మం మీద ఎర్రగా కనపడుతుందండీ. ఈవిడ రంగు మీద ముదురుగా, కాస్త ఊదాగా కనపడుతుంది. మీరు ఎరుపు కోసం చూస్తే ఎలా దొరుకుతుంది?"

రక్తపరీక్షలో ఏ.ఎన్.ఏ. పాజిటివ్. జబ్బు పేరు లూపస్, ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడుతుందట. ఎండ తగిలితే రేగుతుంది, కిడ్నీల మీదికి పోవచ్చు అన్నారు. స్టెరాయిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు రాసి, కళ్ళం పని మానిపించమన్నారు. బయటికి వెళ్తే ఎండ నుంచి కాపాడే క్రీం, సన్‌స్క్రీన్ తప్పదన్నారు. "మానేటప్పుడు నల్ల మచ్చలు మిగులుతాయి. ఇలాంటి రంగులో అవి పోవడానికి నెలలు పడుతుంది. మచ్చ పోలేదని మందు ఆపకండి."

ఇక్కడి నుంచి తప్పు పూర్తిగా నాది. తెలియక చేసింది కాదు.

మాత్రలు కాకినాడలోనే దొరికాయి. సన్‌స్క్రీన్ కోసం మాకు దగ్గర్లోని మందుల షాపుకి వెళ్ళాను. షాపతను చీటీ చదివి, "ఎవరికండీ? మేడమ్‌గారికా? ఆయ్, ఆవిడని చూసి ఎండే భయపడాలండీ," అన్నాడు. పక్కన ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. చీటీ జేబులో పెట్టుకుని వచ్చేసి, సత్యవతితో స్టాకు లేదన్నాను. మళ్ళీ వెళ్ళలేదు. సీజను కదా అని నాలుగు పూటలు కళ్ళంలోకి వెళ్తానంటే వద్దనలేదు. తలకి తువ్వాలు చుట్టుకో, చాలన్నాను.

మూడు నెలలకి కాళ్ళు వాచాయి. యూరిన్‌లో నురగ. కిడ్నీకి బయాప్సీ చేసి, లూపస్ కిడ్నీలకి పాకింది, నెఫ్రైటిస్ అన్నారు. నెలకోసారి ఆస్పత్రిలో చేరి సైక్లోఫాస్ఫమైడ్ ఇంజక్షను ఎక్కించుకోవాలి. "నేను క్రీం రాయకపోవడం వల్లేనా?" అని సత్యవతి కిడ్నీ డాక్టరుగారిని అడిగింది. "అదొక్కటే అని చెప్పలేమమ్మా. ఎండ కూడా కారణమే," అన్నారాయన.

తప్పు తనదేమోనని ఆవిడ అడుగుతుంటే నేను పక్కనే నిలబడి ఉన్నాను.

రెండో ఇంజక్షను రోజు, సెలైన్ ఎక్కుతుండగా చెప్పేశాను. స్టాకు ఉందని, షాపులో వాళ్ళు నవ్వితే నేనూ నవ్వి కొనకుండా వచ్చేశానని.

సెలైన్ సీసా వైపు చూస్తూ అడిగింది, "షాపతన్ని చూసి సిగ్గుపడ్డారా, నన్ను చూసా?"

"నిన్ను చూసే," అన్నాను. ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు.

ముఖం గోడవైపు తిప్పుకుంది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నర్సులతో మాట్లాడేది, నేను వరండాలో తిరిగేవాణ్ణి. బతుకుతుందా అన్నదొక భయం. బతికినా ఇక నా మనిషిగా మిగలదేమో అన్నది ఇంకొకటి. అయిదో రోజు ఇంటికి వచ్చాక అంది.

"రేపు ఆ షాపుకే వెళ్ళండి. నలుగురూ ఉన్నప్పుడు వెళ్ళండి. ఎవరికని అడిగితే చెప్పి తీసుకురండి."

వెళ్ళాను. అతను మళ్ళీ నవ్వబోయాడు. "మా ఆవిడకేనండి," అన్నాను. "నల్లగా ఉంటుంది. ఎండ పడదు. కిడ్నీలు పోబోయాయి." షాపులో ఎవరూ నవ్వలేదు. అతను గుడ్డతో సీసా తుడిచి ఇచ్చాడు.

ఇది జరిగి పదేళ్ళవుతోంది. ఇప్పుడు కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ నిలకడగా ఉంది. రోజుకి రెండు మాత్రలు, అవి కంటికి చేటు చేయొచ్చని ఏడాదికోసారి కంటి పరీక్ష. బుగ్గల మీద నలుపు ఏడాదిన్నరకి తగ్గింది. చెవి పక్కన మాత్రం బిళ్ళంత తెల్లమచ్చ ఒకటి ఉండిపోయింది. కళ్ళం పని నాది, కాటా దగ్గర లెక్క ఆవిడది. పొద్దున్నే నేను ముఖం పరీక్షగా చూస్తుంటే, "పెళ్ళిచూపుల్లో కూడా ఇంతసేపు చూడలేదండీ మీరు," అంటుంది. క్షమించిందా అని అడగలేదు. అడిగే ధైర్యం ఇంకా రాలేదు.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. నల్లటి మనిషి ఒళ్ళు మండుతోందంటే ఎరుపు కనపడే దాకా ఆగకండి. అది కనపడకపోవచ్చు. మీ కంటికి ఏమీ తెలియకపోయినా, వాళ్ళ మాట నమ్మి, ఆ వారంలోనే చర్మ డాక్టరు దగ్గరకి బయలుదేరండి.