సర్దారు తట్టి చూసిన పుస్తకం

2010లో నన్ను గోదావరిఖనిలోని ఒక కార్మిక కాలనీ గ్రంథాలయానికి లైబ్రేరియన్‌గా వేశారు. మాది మంథని. మా ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడేవాళ్ళే కాబట్టి, నిశ్శబ్దం నా అధికారంలో ఉండే చోటు దొరికినందుకు సంతోషించాను. బొగ్గు దుమ్ముకు మాయకుండా పుస్తకాలన్నిటికీ ఖాకీ అట్టలు వేసేవాళ్ళం. బయటి నుంచి చూస్తే వంటల పుస్తకమూ వేదాంతమూ ఒకటే.

ఆ ఏడు హైదరాబాదు స్వచ్ఛంద సంస్థ ఒకటి తెచ్చిన చిన్న తెలుగు పుస్తకం కొన్నాను. అబ్బాయిలను ఇష్టపడే అబ్బాయిలు, అమ్మాయిలను ఇష్టపడే అమ్మాయిలు, తాము ఆడో మగో అని మథనపడే పిల్లలు, వాళ్ళ పెద్దలు చదవడానికి రాసింది. గ్రంథాలయాన్ని నడిపే కార్మికుల క్లబ్బు కార్యదర్శి దాన్ని వైద్యం బీరువాలో పెట్టమన్నాడు. ఇది జబ్బు కాదని మొదటి పుటలోనే ఉంది, చదవండి అన్నాను. ఆయన చదవలేదు గానీ, ఇంటికివ్వకుండా రెఫరెన్సులో ఉంచమని రాజీకొచ్చాడు. అంటే హాల్లోనే కూర్చుని చదవాలి.

దాన్ని మొదట చదివింది శిరీష, ఇంటర్ రెండో ఏడు పిల్ల. అలాంటి పుస్తకం తెప్పించమని అడిగిందీ ఆమే. తనకు అమ్మాయిలే నచ్చుతారని, ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి పెళ్ళి చేస్తారని నాతో చెప్పింది. తండ్రి ఏ షిఫ్టులో ఉన్నాడో చూసుకుని, ఆయన గనిలో ఉన్న వేళకే వచ్చేది. ఎవరేం చదువుతున్నారో ఇంకొకరికి చెప్పకపోవడం మా వృత్తి ధర్మం. నేనెవరికీ చెప్పలేదు.

వానాకాలంలో ఆ తండ్రే వచ్చాడు. పేరు రాజయ్య, భూగర్భ గనిలో మైనింగ్ సర్దారు. సర్దారంటే కార్మికుల కంటే ముందు పని స్థలంలోకి వెళ్ళి, కర్రతో పైకప్పును తట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందో లూజుగా ఉందో తేల్చేవాడు. ఆయన చూశాకే మిగతావాళ్ళు అడుగుపెట్టాలి. తన దోస్తు చిన్నబిడ్డ, తనకు ఆడపిల్లలే నచ్చుతారని అక్కతో చెప్పిందట, అక్క తండ్రికి చెప్పిందట, ఆ దోస్తుకు ఏం చెయ్యాలో తోచట్లేదట. ఇసొంటివాటి మీద పుస్తకమేదైనా ఉందా అని అడిగాడు. దోస్తు కోసం పుస్తకం అడిగినవాళ్ళు ఆ దోస్తు కళ్ళజోడే పెట్టుకుని ఉంటారని నా అనుభవం.

పుస్తకం ఇచ్చాను. ఆ రోజు నుంచి నా అవస్థ మొదలైంది. ఉన్నది ఒకటే ప్రతి, చదువరులు ఇద్దరు, ఒక ఇంటివాళ్ళే, ఒకరు చదువుతున్నట్టు ఇంకొకరికి తెలియదు. రాజయ్య పుటకో చోట ఆగి, వేలితో బల్లను తట్టి, ఇది గట్టిగనే ఉన్నది మేడం అనేవాడు. ఒకటి రెండు చోట్ల లూజు ఉందని నన్ను సంజాయిషీ అడిగాడు, దాన్ని నేనే రాసినట్టు. ఇలాంటి పిల్లలకు బయటి వాళ్ళకంటే ఇంటివాళ్ళ కోపమే ఎక్కువ భయమని రాసిన పుట దగ్గర మాత్రం బల్లను తట్టకుండానే లేచి వెళ్ళిపోయాడు. మర్నాడూ వచ్చి అదే పుట తీశాడు.

ఒకనాడు ఆయన ఇంట్లో చెప్పకుండా తోటివాడితో షిఫ్టు మార్చుకుని వచ్చి కూర్చున్నాడు. శిరీష తండ్రి గనిలో ఉన్నాడనుకుని ధీమాగా వచ్చి, ఆ పుస్తకం ఇమ్మంది. ఎవరో చదువుతున్నారన్నాను. అటు చూసింది. తండ్రి చటుక్కున అట్ట మీద చెయ్యి వేసి, గని రక్షణ పుస్తకమని చెప్పాడు. తాను ఎంసెట్ పుస్తకానికి వచ్చానని కూతురు చెప్పింది. ఇద్దరూ నా వైపు చూశారు. నేను పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశాను.

కాసేపటికి రాజయ్య చెయ్యి తీసి, పుస్తకాన్ని బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

"మొదట్నుంచి ఆఖరుదాక తట్టి చూసిన బిడ్డా. గట్టిగనే ఉన్నది. ఇగ నువ్వు రావచ్చు, భయం లేదు."

"నేను ఎండాకాలంలనే చదివిన బాపూ."

రాజయ్య ముఖం నిజంగానే మాడిపోయింది. "సర్దారు చూడకముందే లోపలికి ఎట్ల పోయినవ్?"

ఆ పిల్ల నవ్వబోయి పెద్దగా ఏడ్చింది. గట్టిగా దగ్గినవాళ్ళను కూడా బయటికి పంపిన మనిషిని, ఆ రోజు నోరెత్తలేదు. మరుసటి వారం రాజయ్య భార్యను వెంట తెచ్చాడు. ఆమెకు చదువు రాదు. ఆయన పైకి చదువుతుంటే ఆమె చేతులు కట్టుకుని విన్నది. పేపర్లు చదివే పెద్దమనుషులను నేను వరండాలోకి పంపాను, లోపల దోమల మందు కొడుతున్నారని చెప్పి.

దీని వల్ల నేను నేర్చుకున్నది ఒకటుంది. ఇలాంటి పుస్తకానికి ఎప్పుడూ రెండు ప్రతులకు ఇండెంటు పెట్టాలి, పిల్లలకొకటి, పెద్దలకొకటి. రెండూ ఇంటికివ్వాలి. పెద్దల ప్రతి తిరిగిరావడం ఆలస్యమవుతుంది. దానికి జరిమానా వెయ్యకూడదు.