బతికున్న మాస్టారికి దండ

కువైట్‌లో ఓబులేసన్న బండి పోవడానికి కారణం ఆయన భక్తేనని ఇన్నేళ్లూ నవ్వుతూ అందరికీ చెప్పాను. అసలు కారణం నా నోరు. ఆ ముక్క మాత్రం మింగేశాను. ఆ నోరు చేసిన ఘనకార్యం వినండి. విన్నాక తిట్టుకున్నా న్యాయమే.

ఇరాక్ సైన్యం వచ్చిపడిన రోజులు. సులైబియాలో గోదాముల వెనక ఒకే గదిలో నేనూ, రాయచోటి ఓబులేసన్నా ఉండేవాళ్లం. నేను డ్రైవర్ని. ఆయన వంటవాడు. ఆయన చెమటంతా వానెట్ అనే ఒక పాత చిన్న ట్రక్కు బండై గుమ్మం ముందు నిలబడింది. సామాన్లు వేసుకుని అందులోనే జోర్డాన్ చేరాలని మా ఆశ.

గోడమీద కువైట్ రాజుగారి ఫొటో కనబడితే సైనికులు ఊరుకోరని విని తీసేశాను. దాని చోట తెల్లటి చదరం మిగిలి, రాజుగారు ఇక్కడే ఉండేవారని సాక్ష్యం చెప్పసాగింది. దాన్ని కప్పడానికి క్యాలెండర్ తగిలించాను. నేను కారు నడిపిన రష్యా ఇంజినీరు ఇచ్చింది. వాళ్ల నోవ్‌గొరోద్ అనే పాత పట్నంలో పుట్టిన గొప్పవాళ్లూ, పోయిన గొప్పవాళ్లూ నెలకొకరు. ఇరాక్‌కు తుపాకులమ్మింది రష్యాయే కదా, మర్యాద చేస్తారనుకున్నాను. ఆ నెల వంతు ఒక గుబురు కనుబొమ్మల పెద్దాయనది.

"ఎవుర్రా ఈయప్ప? ఉండాడా, పోయినాడా?" అన్నాడు ఓబులేసన్న.

రష్యా అక్షరాలు నాకు చీమలబారు. అయినా జవాబు లేకపోతే అవమానమనుకునే వయసు.

"పోయినాడన్నా. ఎప్పుడో."

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా గదిలో వినేవాడు ఒక్కడే గనుక లోకువంతా ఆయన వంతుకే వచ్చేది. పోయినవాళ్ల బొమ్మ బోసిగా ఉండకూడదని ఆయన కుంకుమ పెట్టి, ప్లాస్టిక్ పూలదండ వేసి, ఊదికడ్డీ వెలిగించాడు.

మర్నాడు సోదాకొచ్చిన ఆఫీసరు ఆ బొమ్మ ముందు ఆగిపోయాడు.

"ఈ దండెందుకు?" అన్నాడు అరబీలో.

"మావైపు పోయినవాళ్లకు వేస్తాం సార్," అన్నాను.

ఆయన టోపీ తీసి మంచం మీద కూలబడ్డాడు. "నేను ఆ నోవ్‌గొరోద్‌లోనే చదివాను. ఈయన మా మాస్టారు. ఎలా పోయారు?"

ఇక్కడైనా ఆగొచ్చు. నేను బ్రేకుల్లేని లారీని.

"గుండెపోటు సార్. నిద్రలోనే."

"బాధపడలేదు కదా?"

"అస్సలు లేదు సార్."

ఆయన కళ్లు తుడుచుకుని, దండ పక్కకు జరిపి, కింది అక్షరాలు చదివాడు. చదివి మళ్లీ టోపీ పెట్టుకున్నాడు. నాకది శుభశకునంలా తోచలేదు.

"పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంది. బతికున్న మనిషిని చంపిందెవడు?"

"ఇతనే సార్. ఇతను చెబితేనే నాకు తెలిసింది," అని ఓబులేసన్నను చూపించాను. పాపం ఆయనకు అరబీ అంతంత మాత్రం. నవ్వి సలాం పెట్టాడు.

"బండి తాళాలు తీయ్. యల్లా, తొందరగా," అన్నాడు ఆఫీసరు ఆయనతో.

బండి వెళ్లిపోయాక "ఏమంటాడ్రా?" అని అడిగాడు ఓబులేసన్న.

"బతికున్నోడికి దండేసినావని కోపమన్నా. పోయినాడని క్యాలెండర్లోనే అచ్చుతప్పు."

ఎలాగో బస్సుల్లో పడి జోర్డాన్, అక్కణ్ణుంచి విమానంలో ఇల్లు చేరాం.

మొన్నామధ్య రాయచోటి వెళ్లాను. నాకు సంగటీ, గోంగూర పప్పూ వడ్డించి తాను ఊరకే కూర్చున్నాడు.

"నువ్వు తినవాన్నా?"

"శనివారం ఒక్కపొద్దురా. బతికున్న మనిషికి దండేస్తి కదా. ఆయప్ప నిండా నూరేండ్లుండల్లని అప్పట్నుంచి ఉంటాండా."

ముద్ద కంచంలో పెట్టేశాను. ఉన్నదంతా చెప్పేశాను. స్వయంగా పాడె మోస్తే తప్ప ఇకపై ఎవరినీ పోయాడని అననని ప్రమాణం చేశాను.

"తప్పయిందన్నా. వచ్చే శనివారం నుంచి ఆ ఒక్కపొద్దు నేనుంటా."

"ఈపొద్దు శనివారమే కదరా," అని ఓబులేసన్న నా కంచం తన ముందుకు లాక్కున్నాడు.